ఎడమ చెవి అందిన ఏడు

తాడిపత్రి పొలిమేరలో రేకుల షెడ్డు.
లోపల పెట్టెలు, పెట్టెల్లో గుండ్రంగా కోసిన రాళ్లు,
భూమిలోంచి వరసగా బయటికి లాగిన వెన్నుపూసలు.
ముప్పై ఒక్కేండ్లుగా నేనే కాపలా.
బయట పాలిష్ మిషన్ల మోత.
గోడల మీద, తుమ్మచెట్ల మీద, నా టిఫిన్ గిన్నె మూత మీద
నాపరాయి దుమ్ము.

కర్నూలు నుంచి తబస్సుమ్ మేడం వచ్చింది,
రెండొందల పన్నెండో మీటరు నల్లరాయి కావాలని.
"కుళ్లాయప్పా, ముందా కడియం తీసెయ్" అంది.
గూగూడు పీర్లపండక్కి వేసుకున్న ఇనుప కడియం.
రంపం తగిలిన మేరా గరుకు కాగితంతో తనే రుద్దింది,
సుత్తికి గుడ్డ చుట్టింది.
"ఇనుము సోకితే రాయి అబద్ధం చెప్తుంది."

పగలగొడితే అగ్గిపుల్ల వాసన.
మసిలాంటి నలుపులో సన్న చారలుగా కాకిబంగారం.
నేనడక్కుండానే చెప్పుకొచ్చింది, తనకు తాను చెప్పుకున్నట్టు:
ఇక్కడ సముద్రం ఉండేదంట.
అడుగున గాలాడని నీళ్లు,
చచ్చినవి కుళ్లడానికి కూడా వీల్లేని బురద.
నీళ్లలో కరిగిన లోహాలు కొంచెం కొంచెంగా వచ్చి
ఆ బురదకే అంటుకున్నాయంట,
నూనె చేతికి పసుపు అంటినట్టు.
వాటిలో రీనియం అనేదొకటి
ఎవరూ చూడని చోట నిదానంగా ఆస్మియం అవుతాంటుంది.
సగం మారడానికే నాలుగువేల కోట్ల ఏండ్ల పైన.
ఎంత మారిందో కొలిస్తే
పుట్టిన ఏడు తెలుస్తుంది,
అటో ఇటో రెండు మూడు కోట్లు.

నవ్వొచ్చింది నాకు.
"ఎందుకు?" అంది.
మాయమ్మ లెక్క గుర్తొచ్చింది మేడం.
సెనక్కాయ చేన్లను ఎర్రగొంగళి మేసిన ఏడు పుట్టినావు అనేది.
గొంగళి రెండుసార్లొచ్చింది.
మొదటిదా, రెండోదా అంటే,
"రెండుసార్లూ నేనేడ్చినా, ఒకసారి నువ్వూ ఏడ్చినావు" అనేది.

బడిలో చేర్చేటప్పుడు చౌడప్ప సారు
కుడిచెయ్యి తలమీదుగా పోనియ్యమన్నాడు.
ఎడమ చెవి కొస వేలికి తగిలింది.
"ఐదు నిండినాయి."
పలక మీద ఏదో కూడి, తీసేసి, ఉమ్మితో తుడిచి
(ఆ పలకా ఇట్లాంటి నల్లరాయే)
రిజిస్టరులో జూలై ఒకటి అని రాసినాడు.
ఆ దినం చేరిన పదకొండు మందిమీ
జూలై ఒకటినే పుట్టినాం.

ఎనిమిది నెలలకు మళ్లీ వచ్చింది, చేతిలో గీతల కాగితం.
చుక్కలన్నీ ఒక్క గీత మీద నిలబడాలంట.
తొమ్మిది నిలబడినాయి.
మూడు పక్కకు జరిగినాయి,
పంక్తిలో ఆకు చాలక లేచినోళ్ల మాదిరి.
ఎప్పుడో కిందినుంచి అగ్నిశిల చొరబడి వేడినీళ్లు పాకినాయేమో,
కొత్త లోహం తెచ్చినాయో,
పాతదాన్నే కడిగి మళ్లీ పెట్టినాయో.
బురద పుట్టిన ఏడు ఒకటి.
లోహం వచ్చిన ఏడు ఇంకోటి కావచ్చు.
"మరి ఏది రాస్తారు?"
"రెండూ."
రాయికి రెండు గడులున్నాయన్నమాట, అన్నా.
ఆమె విన్లేదు, పెన్సిలు వెతుక్కుంటాంది.

వచ్చే జూన్ ముప్పైకి నా రిటైర్మెంటు.
గొంగళి రెండోదే అయితే మూడేండ్ల జీతం పోయినట్టే.
పై ఆఫీసులో ఒకసారి అడిగి చూసినా.
సర్టిఫికెట్టు తిప్పి చూపించి, టీ తాగి పొమ్మన్నారు.

జీపు పోయినాక పెట్టెలు సర్దినా.
రెండొందల పన్నెండు దగ్గర జానెడు ఖాళీ.
అక్కడ చెక్కముక్క పెట్టి దానిమీద
రాయి తీసుకుపోయిన తేదీ రాసినా.
నేను కళ్లారా చూసిన తేదీ అదొక్కటే.

రేకులు ఎండకు చిటపటమంటాండాయి.
ఎవరూ లేరు కదా అని
కుడిచెయ్యెత్తి తలమీదుగా పోనిచ్చినా.
భుజం పట్టేసింది.
వేలు నడినెత్తినే ఆగిపోయింది.
ఈ లెక్కన
నన్నింకా బడిలో చేర్చుకోరు.